వసంత ఋతువు, సముద్రము, గాలము

కాటన్‌పేటలో కాపురముండి సముద్రమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. దూది బేరముతో పేరు గన్న ఈ పేటకును కడలికిని చుట్టరికమేమని అడుగవచ్చును. మా స్వస్థలము భీమునిపట్టణము. ఉద్యోగ రీత్యా బెంగుళూరు చేరి, గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గైకొన్న మాకు, ఏటేట వేసవి తొలినాళ్ళలో అచ్చటికి పోయి, గోస్తనీ నది సముద్రమున గలియు చోట గాలము వేసికొని కూర్చుండుట యొక్కటే విలాసము. ఆ విలాసమునకు సంబంధించిన కాలమును, కట్టుబాట్లను గూర్చి నాలుగు మాటలు సంఘ సోదరులకు మనవి చేసికొనుచున్నాము.

చైత్ర వైశాఖములలో ఉత్తరాంధ్ర తీరమున నైరుతి గాలి తీరము వెంబడి వీచును. ఆ గాలికి పైనీరు ఒడ్డును విడిచి లోపలికి జరుగగా, అడుగున నున్న చల్లని నీరు పైకి వచ్చును. 1950వ దశకమున వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఈ విషయమును పరిశీలించి ప్రకటించెను. అడుగు నీటిలో సారము హెచ్చు. దానికి ఎండ తగిలినంతనే కంటికానని నాచు పెరుగును. ఆ నాచును తిను సూక్ష్మజీవులు, వానిని తిను కవ్వళ్ళు, కానాగంతలు, వీనిని తరుము కోనెములు, ఇట్లు కడలిలో పంక్తి భోజనము సాగును. గాలము వేయువానికి ఇంతకన్న అనుకూలమైన కాలము లేదు.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. పెక్కు జాతుల చేపలు కడుపున గుడ్లు మోయు కాలమును ఇదియే. ఆ కారణముచేతనే తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలును మోటారు బిగించిన పడవలును వేటకు పోరాదని నిషేధము కలదు. 2015కు పూర్వము ఇది మే 31తో ముగియుచు 47 దినములే యుండెడిది. తీరమునకు 12 నాటికల్ మైళ్ళ లోపలి నీటిపై రాష్ట్రమునకు అధికారము. ఆంధ్రప్రదేశమున 1994 నాటి సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టము దీనికి ఆధారము. ఆ పై నీటికి కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేయును. తెడ్డుతోను తెరచాపతోను సాగు సంప్రదాయపు తెప్పలకు ఈ నిషేధము వర్తింపదు. ఒడ్డున కూర్చుండి గాలము వేయు మావంటి వారి ఊసు ఆ నిషేధములో లేనే లేదు.

కొన్ని యేండ్ల క్రిందట మే మాసములో మా మేనల్లుని గాలమునకు పెద్ద పండుగప్ప యొకటి తగిలినది. దాని పొట్ట నిండుగా నుండెను. ప్రక్కనే ఒడ్డెక్కించిన పడవ నీడన వల బాగుచేసికొనుచున్న వృద్ధ జాలరి యొకడు లేచి వచ్చి, "ఒగ్గీండి బాబూ, అది కడుపుతో ఉంది. మా పడవలే ఒడ్డెక్కించీసి కూకున్నాం. మీకు ఒక్క చేప కోసం అంత ఆత్రమేటి?" అనెను. మేనల్లుడు మారు పలుకక చేపను నీట విడిచెను. మేమును అతని ప్రక్కన కూర్చుండి చాలసేపు మాటలాడితిమి.

ఆతని మాటలలో ఫిర్యాదు తక్కువ, లెక్క యెక్కువ. పడవ అడుగున నంటిన గుల్లలు గీకి రంగు వేయవలెను, వలలు కుట్టవలెను, యంత్రము బాగుచేయింపవలెను. ఖర్చున్నది, రాబడి లేదు. ప్రభుత్వము ఇచ్చు నిషేధ కాలపు భృతి 2019 నుండి కుటుంబమునకు 10,000 రూపాయలుండి, 2025లో 20,000 అయినది. అది మేలే. కాని పడవపై కూలికి పోవు వాని పేరు పట్టికలో నెక్కవలెను గదా! జీవితమంతయు పట్టికలు వ్రాసిన మాకు ఒక సంగతి తెలియును. పట్టికలో పేరు లేనివాడు ఎదుట నిలిచి యున్నను కాగితమునకు కానరాడు. సముద్రమునకు విశ్రాంతి నిచ్చుట ధర్మమే. ఆ విశ్రాంతి వెల అందరికన్న పేదవాడే చెల్లించుట మాత్రము ధర్మము కాదు.

ఉత్తర దేశములలో వినోదమునకు గాలము వేయువానికిని చట్టము కలదు. 2024లో ఇంగ్లాండు తీరమున బాస్ అను చేపను ఫిబ్రవరి, మార్చి మాసములలో పట్టినవాడు మరల నీట విడువవలసియుండెను. తక్కిన మాసములలో మనిషికి దినమునకు రెండు మాత్రమే. అందును 42 సెంటీమీటర్లకు తగ్గినది కూడదు. జీవనోపాధిని మానుకొని జాలరి ఒడ్డున కూర్చున్నప్పుడు, పొద్దుపోక గాలము వేయు మనము ఏ కట్టుబాటును లేక యుండుట న్యాయమా? అందుచేత మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. గుడ్లతో నున్నదానిని, పిల్ల చేపను విడిచిపెట్టుదుము. కొంకి తీయునపుడు చేయి తడుపుకొందుము. పొడిచేయి తగిలిన చేపకు మేని జిగురు ఊడి జబ్బు చేయును. ఒక పూట కూరకు చాలినంత దొరికిన వెంటనే గాలము చుట్టివేయుదుము.

గాలము పట్టని బెంగుళూరు వారికిని ఇందులో పాలు కలదు. పడమటి తీరమున నిషేధము జూన్ 1 మొదలు జూలై 31 వరకు. కనుక జూన్ మొదటి పదునాలుగు దినములు రెండు తీరములును మూతబడియుండును. ఆ దినములలో బజారున చేప ప్రియమైనదని విసుగుకొనువారును, చౌకగా దొరికినదని పిల్ల చేపలను తట్టలకొలది కొనువారును మనలోనే యున్నారు. తిలాపాపము తలా పిడికెడు.

ఏకాదశినాడు ఉపవాసముండుట మనకు క్రొత్త కాదు. కడలి కొరకు ఏటికి రెండు మాసములు నాలుకను అదుపులో నుంచుకొనుట అంతకన్న కష్టము కాదు. ఆ రెండు మాసములు పస్తులుండకుండ జాలరిని చూచుకొనినచో, ఆ వ్రతము సఫలమగును.