విజయనగరంలో వేసవి పాఠాలు

ఫిడేలు అనగానే మనలో చాలామందికి రోము నగరం తగలబడుతూంటే వాయిస్తూ కూర్చున్న నీరో చక్రవర్తే జ్ఞాపకం వస్తాడు. పాపం, ఆయన కాలానికి ఫిడేలు పుట్టనే లేదు! యూరపులో అది ఈనాటి రూపు దిద్దుకున్నది 16వ శతాబ్దంలో. దాన్ని మన సంగీతానికి మచ్చిక చేసిన తొలివారిలో ముఖ్యులు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ఇక తెలుగునాట ఆ పరదేశపు పిల్లకు మెట్టినిల్లు ఏదంటే, ఎవరైనా చెప్పే పేరు విజయనగరమే.

ఈ వేసవి సెలవుల్లో నెలరోజులు ఆ ఊళ్ళో ఉన్నాను. కోట దగ్గర ఒక వీధిలో, ఉద్యోగ విరమణ చేసిన సంగీతం మాస్టారు ఒకరు కోడలి సాయంతో ఏటా వేసవిలో ఇంట్లోనే ఫిడేలు నేర్పుతారని విని రాజమండ్రి నుంచి బయలుదేరాను. “నలభై ఆరో ఏట ఓనమాలా?” అని మా ఆవిడ నవ్వింది. నవ్వదగిన విషయమే మరి.

విజయనగరం నడిచి చూడవలసిన ఊరు. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమినాడు, జయవారమైన మంగళవారం కోటకు శంకుస్థాపన జరిగిందని ఊరివారు గొప్పగా చెప్పుకుంటారు. కోట నుంచి మూడు లాంతర్లు, గంటస్తంభం, పెద్దచెరువు - అన్నీ కాలినడక దూరంలోనే. సంగీత కళాశాల 1919లో మహారాజావారు పెట్టించినది. మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆ ఏడే ఫిడేలు ఆచార్యులుగా చేరినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు దాటాయంతే. చూపు మందం, వినికిడి మాత్రం అమోఘం. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. పాటకు పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును కచేరీ నడుమ కూర్చోబెట్టి, 1941లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఘంటసాలవారు చదువుకున్నదీ ఈ కళాశాలలోనే.

ఇక మా పాఠాల సంగతి. ఉదయం ఆరింటికల్లా వరండాలో చాపలు పరిచేవారు. ఏడుగురు పిల్లలు, ఎనిమిదోవాణ్ణి నేను. పాశ్చాత్యులు ఫిడేలును గడ్డం కింద నొక్కిపెట్టి నిలబడి వాయిస్తారు. మనం బాసింపట్టు వేసి కూర్చుని, దాని తలను కుడికాలి మడమ దగ్గర ఆనిస్తాం. నాలుగు తీగలూ సా, పా, మళ్ళీ సా, పా. ఎడమచెయ్యికి మోసే బరువు లేదు గనుక వేళ్ళు తీగమీద పైకీ కిందికీ హాయిగా జారతాయి. గమకం పుట్టేది ఆ జారుడులోనే.

మొదటి మూడు రోజులూ కమాను లాగడమే పాఠం. వేలు తీగమీద పెట్టనివ్వలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బరువుతో, తడబడకుండా ఒక్క “సా” పలకాలి. నా కమాను తలుపు కిర్రుమన్నట్టు అరిచేది. ఉక్కకు చేతులు చెమర్చేవి. బిరడాలు జారి శ్రుతి దిగిపోయేది. కోడలుగారు విసుక్కోకుండా బిరడాకు కాస్త సుద్దముక్క రాసి, బిగించి, “ఇప్పుడు లాగండి బాబుగారూ, మెత్తగా” అనేవారు.

మామగారిదీ కోడలిదీ చెరో పద్ధతి. ఆవిడ స్వరాలు పుస్తకంలో రాయించేవారు, ఫోనులో పాఠం పట్టుకోనిచ్చేవారు. మాస్టారికి ఆ రెండూ గిట్టవు. “ముందు పాడు, తరవాత వాయించు” అన్నదొక్కటే ఆయన సూత్రం. సరళి వరస అయినా సరే, గొంతుతో పలికించాకే కమాను ముట్టుకోవాలి. “లెక్చరరుగారూ, చెవికి తెలియని చోటికి వేలెలా వెళుతుందండీ? ఫిడేలుకి వీణలాగా మెట్లున్నాయా, తడుముకోడానికి?” అన్నారు ఓనాడు. ఇరవై ఏళ్ళుగా పద్యాలు చెబుతున్న నాకు ఆ మాట సూటిగా తగిలింది. పద్యమూ అంతే కదా! చెవికెక్కనిది నోటికి రాదు.

పిల్లల్లో పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. ఆటో నడిపే ఆయన కూతురు. సొంత ఫిడేలు లేదు. మాస్టారి ఇంట్లో ఉన్న పాతదానిమీదే మూడేళ్ళుగా సాధన. మోహన వర్ణం చేతికి వచ్చింది. జూన్‌లో దూరపు ఊళ్ళో హాస్టలు బడిలో చేరాలి. ఆ సంగతి తెలిసిన మర్నాటి నుంచి మాస్టారు ఆ పిల్ల చేతికి ఫిడేలు ఇవ్వలేదు. మేమంతా వాయిస్తూంటే ఆమె గోడకానుకుని పాడుతూ కూర్చోవలసిందే. రెండు రోజులు కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ పాడింది. చూడలేక కోడలుగారు అడిగేశారు:

“పదిరోజులే కదండీ మావయ్యగారూ, ఉన్నన్నాళ్ళైనా వాయించుకోనివ్వకూడదా?”

“అక్కడ ఫిడేలుంటుందా అమ్మా? గొంతుంటుంది. వర్ణం గొంతులో నిలిస్తే, ఆర్నెల్లయినా వేళ్ళు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. వేళ్ళలోనే ఉండిపోతే ఆర్నెల్లకి తుప్పే.”

ఆవిడ మరి మాట్లాడలేదు. ఆ సాయంత్రం నుంచి తానే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క చిట్టస్వరమూ తాళం వేయించి పాడించారు. పుస్తకం తెరవలేదు.

నేను తిరుగు ప్రయాణమయ్యేనాటికి సరళి వరసలు రెండు కాలాల్లో పలికించగలుగుతున్నాను. గొప్పేమీ కాదు. కాని ఇప్పుడు కచేరీకి వెళితే, గాయకుడు ఊపిరి తీసుకున్న చోట ఫిడేలు కూడా ఊపిరి తీసుకోవడం నాకు వినబడుతోంది.

ఆ అమ్మాయి మాత్రం చివరిరోజున పల్లవి నుంచి చరణం దాకా వర్ణమంతా తడుముకోకుండా పాడి, మాస్టారి కాళ్ళకు దండం పెట్టింది. ఆయన పాత ఫిడేలు తీగలు కాస్త వదులు చేసి పెట్టెలో పెడుతూ, “సిరిమాను పండక్కి సెలవులిస్తారు కదా, రా! ఆ రోజుకి శ్రుతి చేసి ఉంచుతాను” అన్నారు.