అయోడిన్ పోసేశాను

ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు, గంజిని చక్కెరలుగా విరగ్గొట్టే అమైలేజ్‌ని బాగా వదిలే బ్యాక్టీరియాని మట్టిలో వెతకడం. నేతలో నూలుకి పెట్టిన గంజిని తర్వాత గుడ్డలోంచి వదలగొట్టేది ఈ ఎంజైమే. తెనాలిలో రైస్ మిల్లు వెనక తవుడు కుళ్ళిన మట్టి, బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుక, రేపల్లె వైపు రొయ్యల చెరువు బురద తెచ్చాను. రేపల్లె రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ "రొయ్యలా బాబూ?" అని ఆశగా అడిగింది. బురదండీ అన్నాను. సీటు మారింది.

మట్టిని నీళ్ళలో పలచన చేసి, గంజి కలిపిన అగార్ ప్లేట్ల మీద పరిచి, 37 డిగ్రీల్లో ఒక రోజు ఉంచాను. అయోడిన్ పోస్తే గంజి ఉన్నంతమేరా నల్లటి నీలం. అమైలేజ్ వదిలిన కాలనీ చుట్టూ మాత్రం రంగు పట్టదు. మిల్లు మట్టి ప్లేటులో ఒకదాని చుట్టూ రూపాయి బిళ్ళంత వలయం! ల్యాబంతా తిప్పి చూపించాను. సాయంత్రం ఆ కాలనీని కొత్త ప్లేటు మీద గీస్తే ఏమీ మొలవలేదు. దెబ్బకి రాసే మందు అయోడిన్. క్రిములు చావడానికే గదా రాస్తాం. ఒక్కోసారి బతికేవీ ఉంటాయట, నాది బతకలేదు. ముందే వేరే ప్లేటు మీద నకలు తీసుకోలేదు. మిగిలిన మట్టి కూడా పారబోశాను. మళ్ళీ వెళ్తే మిల్లువాళ్ళు పెరడు ఊడ్చి సున్నం చల్లారు.

సార్‌తో మాత్రం "కంటామినేషన్ అయింది సార్" అన్నాను. ఆ వారం ప్లేట్లలో పోసే అగార్ కాచిన జూనియర్ చివాట్లు తిన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

తర్వాత కూడా పెద్ద వలయాల వెంటే పడ్డాను. ద్రవంలో పెంచి అమైలేజ్ కొలిస్తే, రేపల్లె బురదలోని ఆవగింజంత కాలనీ వాటన్నిటినీ మించింది. కాలనీ పెద్దదైనా, అగార్ పలచనైనా వలయం పెరుగుతుంది. వలయం వెడల్పుని కాలనీ వెడల్పుతో భాగించి చూడాలి, అదీ మొదటి వడపోతకే.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళు అయోడిన్ సీసా తీసేముందు ప్రతి కాలనీనీ టూత్‌పిక్‌తో ఇంకో ప్లేటుకి అంటించుకోండి. మట్టి కొంత ఫ్రిజ్‌లో దాచండి.

ఆ జూనియర్‌కి నేనింతవరకు నిజం చెప్పలేదు.