గుడి అని రాస్తే కుడి అని చదివినాము



పోయిన మీటింగులో ఇద్దరు ముగ్గురు అడిగినారు, "ఆదివారం సాయంత్రం హాల్లో మూల కూర్చోని, ఒకే ఫోనులోకి నలుగురూ తొంగి చూస్తా ఏం చేస్తా ఉండారు?" అని. దానికి జవాబు ఇది. కొంచెం పొడుగే. కాఫీ పెట్టుకోని చదవండి.

మేము నలుగురం. ముగ్గురు రైల్వేలో రిటైరు అయినవాళ్లం, ఒకరు టీచరమ్మ. అందరి చదువూ తమిళంలోనే. తెలుగు ఇంట్లో మాట, అంతే. బడిలో ఒక్క అక్షరం చూడలేదు. అరవై దాటినాక, పాసు మీద తిరుపతికి పోతా రేణిగుంట స్టేషన్ బోర్డు ముందర నిలబడి, ఇంగ్లీషు పక్కన పెట్టుకోని తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నాము. అట్ల నేర్చిన తెలుగు ఇది. తప్పులుంటే ఓర్చుకోండి.

అక్షరాలు వచ్చినాక రాయాలని ఆశ పుట్టింది. వేలమంది ఉండే ఒక పెద్ద తెలుగు గుంపులో చేరినాము. మొదట రాసింది మా అవ్వల కాలపు సంక్రాంతి గురించి. ఇల్లు అలికేది, ముగ్గు పెట్టేది, అంగడికి పొయ్యి బెల్లం తెచ్చేది, అన్నీ రాసినాము. గంట కాకముందే జవాబులు. "ఇది తెలుగేనా?" అని ఒకరు. "అరవ తెలుగు" అని ఇంకొకరు, పక్కన నవ్వే బొమ్మలు. ఒకాయన మా రాతను ఫోటో తీసి, తప్పులన్నిటికీ ఎర్ర గీతలు గీసి పెట్టినాడు. సంక్రాంతి గురించి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. టీచరమ్మ "తీసేయండన్నా" అనింది. ఆ రాత్రే తీసేసినాము.

ఇక్కడ మనం తెలుగోళ్లం, ఆంధ్రాకి పోతే అరవోళ్లం. ఇది మన సంఘంలో పాత మాటే. ఫోనులోకి కూడా వెంట వస్తుందని మాత్రం మేము అనుకోలేదు.

వేరే చోటు వెతికినాము. వెతికితే తెలిసింది, ఈ చోట్లు పుట్టేది ఎంత సులువో మూతపడేదీ అంతే సులువు. మన పిల్లలు కాలేజీలో ఉన్నప్పుడు ఆడిన ఆర్కుట్ 2004లో వచ్చి 2014 సెప్టెంబరుతో పొయ్యింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో. బెంగుళూరు వాళ్ల కూ, ఆ పసుపు పిట్ట, 2020లో మొదలై 2024 జులైలో ఆగిపొయ్యింది. 2025లో అందరూ అరట్టై అంటే అదీ పెట్టుకున్నాము. అరట్టై అంటే మీకు చెప్పాల్నా, ఊరికే కూర్చోని కబుర్లు! మంచిదే. కానీ మేము చూసినంతలో అది నంబరు తెలిసినవాళ్లతో మాట్లాడేదానికి. మాకు కావాల్సింది ముక్కూ మొహం తెలియని తెలుగువాళ్లు.

అప్పుడు మాలో ఒకరి మనవడు మాస్టొడాన్ చూపించినాడు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రవాడు మొదలుపెట్టినది. ఇది ఒక్క సైటు కాదు, చాలా సర్వర్లు. ఒక్కోదాన్ని ఒక్కో మనిషో, చిన్న గుంపో నడుపుతారు. చాలావాటికి ఖర్చు చందాలతోనే, మన సంఘం మాదిరే.

ఇది ఎట్ల పని చేస్తుందో మా రైల్వేవాళ్లకు వెంటనే అర్థమయ్యింది. ఒకప్పుడు మీటర్ గేజ్ 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్ 1676. గేజ్ మారే స్టేషన్లో సరుకంతా దించి ఇంకో బండిలోకి ఎక్కించాల. ట్రాన్‌షిప్‌మెంట్ అనేవాళ్లం. మూటలు చినిగేవి, లెక్క తప్పేది, అందరూ గుమాస్తా మీద పడేవాళ్లు. పెద్ద సైట్లు చాలావరకు అట్లాంటివి. ఒకదాంట్లో ఉన్నవాడు ఇంకోదాంట్లో ఉన్నవాడితో మాట్లాడలేడు. మాస్టొడాన్ సర్వర్లన్నిటికీ పట్టాలు ఒకే గేజ్. ఆ గేజ్ పేరు యాక్టివిటీపబ్, 2018లో ప్రమాణంగా ఒప్పుకున్నారు. ఏ స్టేషన్లో టికెట్టు కొన్నా మిగతా ఊళ్లకూ పోవచ్చు. అల్లరి ఎక్కువైన ఊరికి మీ సర్వరువాళ్లు గేటు వేసేదీ ఉంది.

చేరాలంటే తొందర పడొద్దు. ప్రతి సర్వరుకూ ముందే నియమాలు రాసి పెట్టి ఉంటారు. చదవండి. నడిపేది ఎవరో చూడండి. నచ్చకపోతే ఇంకో సర్వరుకు మారవచ్చు. మిమ్మల్ని అనుసరించేవాళ్లు వెంట వస్తారు, కానీ పాత రాతలు రావు. సర్వరు ఎప్పుడైనా మూతపడవచ్చు కాబట్టి రాసింది ఒక నోటుబుక్కులో పెట్టుకోండి.

అక్కడ కొత్తగా వచ్చినవాళ్లు పరిచయం అని ఒక రాత రాసేది ఆచారం. మేమూ రాసినాము: "తమిళనాడు తెలుగువాళ్లం. ఎప్పుడో మా పెద్దలు వచ్చి అడవి కొట్టి ఊరు కట్టినారు. కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' చదివినవాళ్లకు మా కథ తెలుసు. మా తెలుగు ఇట్లనే ఉంటాది."

మూడు దినాలు ఒక్క చప్పుడు లేదు. అబద్ధం చెప్పకూడదు, అక్కడ తెలుగువాళ్లు తక్కువే. వేలల్లో లైకులు కావాలంటే పోవద్దు. నాలుగో దినం ఒడిశా నుంచి ఒకామె రాసింది, "మీరు షాపుని అంగడి అంటారా? మా ఇంట్లో కొట్టు." ఆ వెనకనే హైదరాబాదు నుంచి ఒకాయన, "మాకు దుకాణం." ఆమె మళ్లీ అడిగింది, "మీ సంక్రాంతి ఎట్లా ఉంటుంది?"

తీసేసిన రాతను నోటుబుక్కులోనుంచి మళ్లీ ఎక్కించినాము. టీచరమ్మ కళ్లు తుడుచుకునింది. ఆ ఇద్దరూ మా తప్పులు చూసే ఉంటారు. తప్పు కంటే ముందు మనిషిని చూసినారు.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ ఇది రాసేదానికి అసలు కారణం వేరే ఉంది.

మన సంఘం వాట్సాప్ గుంపులో ఒక కాలేజీ అమ్మాయి ఉండేది, గుర్తుందా? తెలుగు మాట్లాడుతుంది, రాయను రాదు. ఎట్ల వస్తుంది? 2006 చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి, తెలుగుకు తావు తగ్గిపొయ్యింది. ఆ అమ్మాయి ఒక శుక్రవారం "గుడికి పోతా ఉండాము, ఎవరైనా వస్తారా" అని తమిళ అక్షరాల్లో రాసింది. తమిళంలో క కీ గ కీ ఒకటే అక్షరం. మేము దాన్ని కుడి అని చదివినాము. చదివి ఊరుకోలేదు. "ఏమ్మా, తాగేదానికి ఎక్కడికి పోతా ఉండారు? ముందు అక్షరాలు నేర్చుకో" అని రాసినాము. పదిమంది నవ్వినారు. రాత్రికి ఆ అమ్మాయి గుంపు వదిలిపొయ్యింది. ఎవరూ ఎందుకని అడగలేదు. మేమూ అడగలేదు.

ఎర్ర గీతలు గీసినాయన మీద మాకు అంత కోపం వచ్చింది కదా. ఆయనకూ మాకూ తేడా ఏముంది? ఆయన ఎవరో తెలియనివాళ్లను ఎగతాళి చేసినాడు. మేము ఇంటి పిల్లను చేసినాము.

పోయిన గురువారం వాళ్ల ఇంటికి పొయ్యినాము. తప్పు మాదే అని చెప్పినాము. ఆ అమ్మాయి కాఫీ ఇచ్చి ఒకటే మాట అనింది, "తాతా, నాకు తెలుగంటే ఇష్టమే. మీ ముందర రాయాలంటేనే భయం."

కాబట్టి సంఘానికి మా మనవి మూడు మాటలు. కొత్తగా ఎవరు వచ్చినా మొదట "ఏ ఊరు, ఎవరి బిడ్డ" అని పలకరిద్దాము. తెలుగు ఏ అక్షరాల్లో రాసినా తెలుగే అనుకుందాము. తప్పు దిద్దమని అడిగితేనే దిద్దుదాము, అదీ పక్కకు పిలిచి. కార్యదర్శి గారు ఒప్పుకుంటే వీటిని గుంపు నియమాలుగా పెట్టండి.

ఆ అమ్మాయి ఇంకా గుంపులోకి రాలేదు. ఈ ఆదివారం హాలుకు మాత్రం వస్తానని చెప్పింది. వస్తే గుడి మాట ఎవరూ ఎత్తొద్దు. కూర్చునేదానికి చోటు ఇవ్వండి, చాలు.

ఇట్లు,
ఆదివారం మూల కూర్చునే మేము నలుగురం