మొలక లేని చెట్టు

మన మెట్ట పొలాల గట్లను ఒకసారి గమనించండి. రేగుకు ముళ్లున్నవి. జిల్లేడుకు పాలున్నవి. వేపకు చేదున్నది. తరతరాలుగా పశువులు మేసే నేలలో పెరిగిన మొక్కలకు ఇవి కాపుదల. సముద్రము నడుమనున్న అనేక దీవులలో మేసే జంతువులే లేవు గనుక, అక్కడి మొక్కలకు ఇట్టి కాపుదల అవసరము కాలేదు.

అట్లాంటిక్ సముద్రములోని సెయింట్ హెలీనా దీవికి 1513లో పోర్చుగీసువారు మేకలను తెచ్చి వదిలారు. మనుష్యులు వంటచెరకుకు చెట్లు నరికారు. మేకలు మొలకలను మేశాయి. మిగిలిన పెద్ద చెట్లు ఏండ్ల తరబడి పచ్చగానే నిలిచినవి గాని, అవి పడిపోయినప్పుడు వాటి చోట నిలువ పిల్లమొక్క లేదు. ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని సెయింట్ హెలీనా ఆలివ్ చెట్టు అడవిలో 1994లో అంతరించినది. పెంపకములోనున్న ఆఖరి చెట్టు కూడా 2003లో చనిపోయినది.

మన తెలుగువారు చెరకు తోటల పనికి వెళ్లి స్థిరపడిన మారిషస్ దీవిలో, క్యూర్‌పీప్ పట్టణపు తోటలో, ఒక జాతి తాళవృక్షము ఒక్కటే మిగిలినది. దాని మగపూలు ఒక సమయములో, ఆడపూలు మరొక సమయములో విచ్చుకొంటాయి గనుక తనంతట తాను గింజ కట్టలేదు. చెట్టు బ్రతికియున్నది, వంశము నిలిచిపోయినది.

1753 నుండి 571 జాతుల విత్తనపు మొక్కలు అంతరించినవని శాస్త్రవేత్తలు 2019లో ప్రకటించారు. దీవులలో ఈ నష్టము అధికము.

మనము దీవిలో లేము గదా అని అనుకొనవచ్చును. నిజమే, పెద్ద భూఖండములో ఒక కొండమీద పోయిన మొక్క మరొక కొండమీద మిగులుతుంది. అయితే దీవికి చుట్టూ నీరే ఉండనక్కరలేదు. శేషాచలము కొండల చుట్టూ ఊళ్లు, పొలాలు ఉన్నవి. సైకస్ బెడ్డోమి అనే మొక్క ఆ తిరుపతి, కడప కొండలకే పరిమితము. అందులో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మందుల కొరకు మగకంకులు కోసుకొనిపోతే ఆడచెట్టుకు గింజ ఎక్కడిది? వేసవిలో కారుచిచ్చు మొలకలను కాల్చివేస్తే ఆ నష్టము తీరేదెట్లు?

మాకు సమీపముననున్న కొండపల్లి సంగతి చూడండి. ఎడ్లబండి, అంబారీ ఏనుగు బొమ్మలు చేసేది తేలికైన తెల్ల పొణికి కర్రతో. ఆ చెట్టు ఇతర ప్రాంతాలలోను, శ్రీలంకలోను ఉన్నది గనుక జాతి అంతరించలేదు. కాని దాని గింజ పెంకు గట్టిది, సులభముగా మొలవదు. కొట్టినంత వేగముగా మొలవకపోవుటచేత ఆ కొండలలో అది అరుదైనది. చెట్టు లేనిదే బొమ్మ లేదు. బొమ్మ లేనిదే ఆ కుటుంబాలకు కూడు లేదు.

దోషము మేకది కాదు, అది పేదవాని పాడి. మొలకకు గడువు ఇవ్వని మనదే ఆ దోషము. గనుక అడవికి వెళ్లినప్పుడు చెట్టు ఉన్నదా అని మాత్రమే కాదు, దాని క్రింద పిల్లమొక్క ఉన్నదా అని చూడండి. ఉంటే చుట్టూ నాలుగు ముళ్లకంపలు వేయండి. అడవిలో నిప్పు పెట్టవద్దని పిల్లలకు చెప్పండి. మేకకు అందనంత ఎత్తు ఎదిగేవరకే దానికి మన కావలి కావాలి.