సొంతిల్లా, అద్దిల్లా?

పోయిన నెల మా ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవు. కారణం అత్తగారూ కాదు, ఆడపడుచూ కాదు. ఒక సాఫ్ట్‌వేర్.

మావారికి తెనాలిలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తారు. వాటితోపాటు పచ్చళ్ల కొట్టుకో, కల్యాణ మండపానికో వెబ్‌సైట్లు కూడా. వాటికి వాడేది డ్రీమ్‌వీవర్ సీఎస్6, అంటే 2012లో వచ్చిన రకం. నా చీటీ డబ్బుతో కొన్నాం. కొన్న రోజున డబ్బాకి పసుపు కుంకుమ పెట్టింది కూడా నేనే. 2013లో ఆ కంపెనీ పద్ధతి మార్చేసింది. కొత్త రకాలు ఒక్కసారి కొని పెట్టుకునేవి కావు. డబ్బు కడుతున్నన్నాళ్లే వాడుకోవాలి.

ఇన్నేళ్లూ పాతదానితోనే నెట్టుకొచ్చాం. పోయిన నెల ఒక పాత ఖాతాదారు, స్కూలు నడిపే ఆయన, "ఫోన్లో మీ తెలుగు చీమల బారులా ఉందయ్యా, పిల్లల తల్లిదండ్రులు చదవలేకపోతున్నారు" అని చెప్పి ఆ పని ఇంకో కుర్రాడికి ఇచ్చేశారు.

ఆ రాత్రి మావారు అన్నం కెలికి లేచిపోయారు. చెయ్యి కడుక్కుంటూ, "ఇక కొత్తది తీసుకోవాల్సిందే" అన్నారు.

"ఎన్నాళ్లు కట్టాలండీ?"

"వాడినన్నాళ్లూ."

"జూన్లో అమ్మాయి హాస్టల్ ఫీజుంది. సొంతిల్లు పెట్టుకుని అద్దింట్లోకి పోతామంటారా?"

"అయితే షాపు మూసేసి నీ పక్కన కూర్చుంటాలే!"

అంతే, ఇద్దరం మూతులు బిగించుకున్నాం.

ఆదివారం విశాఖ నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ చదువుతోంది. నాన్న గొంతు వినగానే ఏదో జరిగిందని పసిగట్టి, ఆ స్కూలు పేజీ తెరిచి చూసింది. "నాన్నా, ఇందులో తెలుగు లేదు. తెలుగు అక్షరాల బొమ్మ ఉంది" అంది.

నిజమే. మావారు పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో టైపు చేసి, దాన్ని బొమ్మగా మార్చి వెబ్‌సైట్‌లో అతికిస్తారు. అను ఫాంటు లేని కంప్యూటర్లో ఆ అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి కాబట్టి, అప్పట్లో కనిపెట్టిన ఉపాయం అది. పెద్ద తెర మీద బాగానే ఉండేది. ఫోన్లో బొమ్మ తెర వెడల్పుకి కుంచించుకుపోతుంది, దాంతోపాటు అక్షరాలూ చిన్నవైపోతాయి. ఎంత కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నా బొమ్మ బొమ్మే కదా!

దానికి మందు యూనికోడ్‌లో టైపు చెయ్యడం. ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగానే ఉన్నాయని అమ్మాయి జాబితా పంపింది. అవి చూసి నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ! బీఏలో నేను చదువుకున్న ప్రబంధ కవులందరూ వరసగా నిలబడ్డారు. వెనకాల గిడుగు, గురజాడ కూడా. నాలుగు రోజుల తర్వాత మా ఇంట్లో మొదటి నవ్వు అదే.

అయితే మావారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఇప్పటి వెబ్‌సైట్లలో వాడే కొత్త పద్ధతులు కొన్ని ఆ పాత సాఫ్ట్‌వేర్‌కి అర్థం కావు. దాంట్లో చూస్తే పేజీ అడ్డదిడ్డంగా ఉంటుంది, ఫోన్లో సరిగ్గా ఉంటుంది. అమ్మాయి దానికీ దారి చెప్పింది. వీఎస్ కోడ్ అని ఉచితంగా దొరికేది ఒకటుందట. అందులో కోడ్ రాసుకుని, క్రోమ్‌లోనే ఫోన్ సైజులో చూసుకోవచ్చట.

మావారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు. "యాభై రెండేళ్లకి మళ్లీ ఓనమాలా?"

అప్పుడర్థమైంది నాకు. అదే పేరున్న కొత్తది తెచ్చుకుంటే, అవే మీటలు, అదే పని, కొత్తగా నేర్చుకునే బాధ ఉండదని ఆయన ఆశ. నేనేమో డబ్బు ఖర్చు ఆపితే నా పని అయిపోయిందనుకున్నాను. షాపు సంగతి ఇద్దరం వదిలేశాం.

"ఓనమాలు నాకొచ్చు. రోజంతా వాట్సాప్‌లో తెలుగు టైపు చేసేదాన్నే కదా. అక్షరాలు నేను చూసుకుంటాను, పేజీ మీరు కట్టండి" అన్నాను.

ముందు పచ్చళ్ల కొట్టు సైటు పట్టాం. రాత్రి గిన్నెలు సర్దాక మూడు రోజులు కూర్చున్నాం. ఆయన కోడ్‌లో చుక్క మర్చిపోతే నేను పట్టుకున్నాను. కార్డుల్లో ఒత్తులు దిద్దిన అలవాటు అక్కడ పనికొచ్చింది! మూడో రాత్రి ఫోన్లో తెరిచి అత్తయ్యగారికి చూపించాం. ఆవిడ కళ్లజోడు వెతుక్కోకుండానే "గోంగూర, పండుమిరప" అని చదివేశారు. మావారు ఇటు తిరిగి నన్ను చూశారు. ఏమీ అనలేదు.

స్కూలు పని తిరిగి రాలేదు. అది పోయినట్టే. అద్దె సాఫ్ట్‌వేర్ అసలు వద్దని కూడా మేం ఒట్టేసుకోలేదు. ఏదైనా పనికి అది తప్పనిసరైతే ఆ నెలకి మాత్రం తీసుకుని, ఆ ఖర్చు ఆ పని రేటులో కలపాలని నా లెక్కల పుస్తకంలో రాసుకున్నాను. పాతదాన్ని మావారు ఇంకా తీసెయ్యలేదు. పాత సైట్లకి పనికొస్తుందంటారు. నేనూ తీసెయ్యమనలేదు. పసుపు కుంకుమ పెట్టినదాన్ని కదా!