సలమాంకలో నా స్పానిషు చదువు

మా పూర్వులు మగ్గమును నమ్ముకొని తెలంగాణమునుండి షోలాపురము చేరినవారు. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, కచేరీలో ఇంగ్లీషు. ఈ మూడింటితో నా గుమాస్తా జీవితము ముప్పదియైదేండ్లు సాగిపోయినది. నాలుగవ భాష యొకటి అరువదియారవ యేట నేర్వవలసివచ్చునని కలలోనైన తలపలేదు. మా కుమారుడు ఉద్యోగరీత్యా స్పెయిను దేశమందలి మాడ్రిడ్ నగరమున స్థిరపడి, అచ్చటి కన్యనే వివాహమాడెను. వారి కూతునకు ఐదేండ్లు. టెలిఫోనులో ఆ పిల్ల పలుకులు నాకు తెలియవు, నా పలుకులు దానికి తెలియవు. నడుమ దాని తండ్రి అర్థము చెప్పవలెను. తాతకును మనుమరాలికిని నడుమ దుబాసి యుండుట నాకు రుచింపలేదు.

కుమారుని యింటనే యుండి నేర్చుకొనవచ్చును గదా యని మిత్రులు కొందఱనిరి. అచ్చట కొడుకుతో తెలుగును, కోడలితో ఇంగ్లీషును మాటలాడుటతోడనే ప్రొద్దు గడచిపోవును. అందుచేత 2023 జూన్ మాసమున నాలుగు వారములు సలమాంక పట్టణమందలి ఒక భాషా పాఠశాలలో చేరి, ఒక వృద్ధురాలి యింట భోజనవసతులు కుదుర్చుకొంటిని.

ఊరు ప్రాచీనమైనది. అచ్చటి విశ్వవిద్యాలయము 1218లో వెలసినది. ఆంతోనియో దె నెబ్రిహ యను పండితుడు స్పానిషు వ్యాకరణమును 1492లో ప్రకటించినదియు ఈ యూరనే. పురాతన భవనములు సమీపమందలి విల్యమయోర్ గ్రామపు రాతితో కట్టినవి. సాయంకాలపుటెండలో పసుపు పూసిన గడపలవలె మెరయుచుండును. ఆ సాయంకాలమైనను ఎంతకును తెమలదు. జూన్‌లో రాత్రి పదిగంటలు కావచ్చునప్పటికి గాని ప్రొద్దు క్రుంకదు. మధ్యాహ్న భోజనము మూడు గంటలకు, రాత్రి భోజనము పదింటికి. ఏడింటికే జొన్నరొట్టె తిని పండుకొను షోలాపురపు కడుపునకు ఇది చిన్న పరీక్ష కాదు.

తరగతిలో ఎనమండుగురము. తక్కినవారందఱు మా కుమారునికంటె చిన్నవారు. జంకుతోనే కూర్చుంటిని గాని భాష నాయెడ దయ చూపినది. అచ్చటి త, ద, ప, క లు ఇంచుమించు మనవే. ఇంగ్లండునుండి వచ్చిన పిల్లలకు అవి నోట పట్టలేదు. 'పెరో' యనిన 'కాని' యని అర్థము. 'పెఱ్ఱో' యనిన కుక్క. మనము ఓనమాలలో దిద్దియు నోట మఱచిన శకటరేఫమువంటి దొకటి అచ్చట నిక్షేపముగ బ్రతికియున్నది. 'నాకు నచ్చినది' యనుటకు వారు 'మె గుస్తా' యందురు. నచ్చిన వస్తువే కర్త, నచ్చినవాడు 'నాకు' అయి ప్రక్కన నిలుచును. ఇది తలక్రిందుల వాక్యమని తరగతిలో విసుగుకొన్నవారు కలరు. నాకది యింటిమాట. క్రియ చివరనే 'నేను', 'నీవు' తెలియుచుండగా సర్వనామమును విడిచివేయుటయు మన పద్ధతియే.

అందఱిని ఏడిపించినవి 'సెర్', 'ఎస్తార్' అను రెండు క్రియలు. ఇంగ్లీషున రెండింటికిని ఒకటే మాట. 'ఆమె ఉపాధ్యాయిని' యని మనము క్రియ లేకుండ అందుము. 'ఆమె అలసియున్నది' యనుటకు 'ఉండు' కావలెను. తెలుగున క్రియ లేనిచోట సెర్, 'ఉండు' వచ్చినచోట ఎస్తార్ అని నేనొక గుమాస్తా సూత్రము కట్టుకొంటిని. పండితులు నవ్వవచ్చును గాని చాలచోట్ల పనిచేసినది. భూతకాల రూపములయెదుట మాత్రము నా తెలుగు చేతులెత్తివేసినది.

అయినను నా అసలు బడి ఆ యింటి భోజనపు బల్లయే. గృహిణి డెబ్బది దాటిన వితంతువు. మగ్గముపై నాడె యాడినట్లు మాటలాడును. నేను మాంసము తిననని ముందే తెలిపితిని. తొలినాటి కూరగాయల పులుసులో ఎఱ్ఱని తునుకలు కనబడగా అడిగితిని. 'అది మాంసము కాదు, హమోన్' అని ఆమె సమాధానము! హమోన్ అనగా ఉప్పులో ఊరవేసి ఎండగట్టిన పందితొడ. మఱునాటినుండి పాలకూరతో ఉడికించిన శనగలు నాకు వేఱుగ వండి పెట్టినది. ఆ రుచి నేటికిని తలచుకొందును.

భోజనానంతరము బల్లయొద్దనే కూర్చుండి మాటలాడుకొను కాలమునకు అచ్చట 'సోబ్రెమెస' యని ప్రత్యేకముగ ఒక పేరున్నది. మన యిండ్లలో తిన్న చేయి ఎండరాదని పెద్దలు లేపివేయుదురు. అచ్చట వెంటనే లేచుట మర్యాద కాదు. మా తాతల వృత్తి యేమని ఆమె యొకనాడు అడిగినది. మాటలు చాలక, పాత రుమాలు అంచున దారములు లాగి పడుగును, పేకను చూపితిని. 'ఉర్దింబ్రె, త్రామ' యనినది. ఆ రెండు మాటలు మా పాఠ్యపుస్తకములో లేవు.

సంబోధనమొద్ద చిక్కు వచ్చినది. 'ఉస్తెద్' మన 'తమరు' వంటిది; 'తమ అనుగ్రహము' అను పూర్వకాలపు పిలుపు అరిగి అట్లయినదట. నేను ఉస్తెద్ అన్నప్పుడెల్ల ఆమె, 'నన్ను ముసలిదానిని చేయకుము, తూ అనుము' అని కసరును. 'తూ' అనగా 'నీవు'. పెద్దదానిని నీవనుటకు వారము దినములు నా నాలుక తిరుగలేదు. మా తల్లిని జన్మమంతయు నీవనియేకదా పిలిచితినని తోచిన పిమ్మట జంకు తీరినది.

నాలుగు వారములు నిండగానే మాడ్రిడ్ చేరితిని. మనుమరాలు మొదట ఇంటిలోని వస్తువులన్నియు చూపి పేరుపేరున నన్ను పరీక్షించినది. రాత్రి దానికి దాహముగొన్న కాకి కథ మొదలిడితిని. స్పానిషున 'కుఎర్వో' యనవచ్చునని తెలిసియు కాకిని కాకి యనియే చెప్పితిని. పిల్ల లేచి కూర్చుండి పకపక నవ్వినది. స్పానిషున 'కాకి' యనగా నారింజవన్నె పండొకటి. పండు ఎగిరివచ్చి కుండలో రాళ్ళు వేయుట దానికి ఎంతో నచ్చినది. మఱునాటి రాత్రి దీపమార్పకముందే 'తాతా, కాకి' యని తానే అడిగినది.