చిన్న లేతు, దాని ఉపకరణములు

లోహపు పనికై చిన్న లేతును కొనువారు యంత్రము చేతికి వచ్చినంతనే పని ముగిసెనని తలంతురు. తరువాత దానికి కావలసిన ఉపకరణముల పట్టిక చూచి దిగులుపడుదురు. దిగులుపడ నక్కరలేదు. కమ్మరి తన పట్టుకారును తానే చేసికొనునట్లు, లేతు కూడ తన ఉపకరణములను చాలవరకు తానే చేసికొనగలదు. అమెరికా దేశమున డేవ్ జింజరీ యనువారు బొగ్గుల కొలిమిలో పాత అల్యూమినియమును కరగించి పోతపోసి, లేతు మొదలుకొని యంత్రశాల నంతయు కట్టుకొను విధమును 7 పుస్తకములలో వివరించిరి. అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును గనుక ఇంటి కొలిమి దానికి చాలును. నాకంత సాహసము లేదు. నా లేతు కొన్నదే.

నేను మొదట చేసినది చక్ కీకి ఒక స్ప్రింగు. శనివారములందు మన విద్యార్థులు కొందరు నా వరండాకు వత్తురు. కీని చక్కులో మరచి యంత్రమును నడిపినయెడల అది విసరివేయబడి యెవరి ముఖమునకైన తగులవచ్చును. కీ కొనకు స్ప్రింగు తొడిగిన పిమ్మట, చేయి తీసిన తోడనే కీ తనంతట బయటికి వచ్చును. ఒక గంట పని. నా ఉపకరణములలో దీనికంటె విలువైనది లేదు.

కట్టరు మొన పనిముక్క కేంద్రమునకు సరియైన యెత్తులో నుండవలెను. దీనికి పలుచని ఉక్కు స్కేలు చాలును. గుండ్రని కడ్డీకిని కట్టరు మొనకును నడుమ స్కేలును మెల్లగా నొక్కి చూడుడు. స్కేలు నిలువుగా నున్న ఎత్తు సరి. పైకొన మనవైపు వాలిన కట్టరు క్రిందుగాను, ఆవలికి వాలిన మీదుగాను ఉన్నట్లు.

ఇక డై పట్టుకొను పిడి. మన ప్రయోగశాల స్టాండుల బిగింపు మరలు అరిగి, గాజుసామాను జారుచుండెను. 6 మిల్లీమీటర్ల మరను చేతిపట్టు డైతో కోసిన అది వంకరపోవును. అందుచే డైని టెయిల్‌స్టాకులోని కడ్డీమీద జారునట్లు అమర్చు పిడి కావలసివచ్చెను. లావుపాటి ఉక్కుముక్కను చక్కున బిగించి, 20 మిల్లీమీటర్ల డై కూర్చుండు గుంటను, దాని వెనుక కడ్డీ దూరు రంధ్రమును, ముక్కను విప్పక ఒకే బిగింపున తొలిచితిమి. ఏల విప్పరాదో నేను చెప్పకమునుపే, జ్యామితిలో ఎన్నడును మంచి మార్కులు రాని బాలుడొకడు, “విప్పితే రెండు బెజ్జాలకీ సెంటరు ఒకటి కాదు గదండీ, మాస్టారూ!” అనెను.

అతని తండ్రిగారు, “ఇవన్నీ బజారులో దొరుకుతాయి కదండీ” అనిరి. దొరకును. డైలను, కట్టర్ల ఉక్కును నేనును కొంటిని. ఇంట చేయరానివి కొనుటయే మేలు. పిడిని కూడ కొనియుండిన స్టాండులు బాగుపడియుండును గాని, ఆ బాలుని నోట ఆ మాట వచ్చియుండదు.

ఎనిమిది స్టాండులకు మరలు సిద్ధమైనవి. చక్కును చేతితోనే త్రిప్పి అతడే కోసెను. తక్కిన నాలుగింటికి ఇనుము వచ్చినది.